‘దొంగ దొంగ’లో పనివాళ్లు

మణిరత్నం మాట వస్తే మా కోడుమూరు హోటళ్ల ముందు బెంచీల మీద ఇప్పటికీ వినబడే పేర్లు నాలుగు. ‘గీతాంజలి’, ‘నాయకుడు’, ‘దళపతి’, ‘రోజా’. ఐదో పేరుగా ‘దొంగ దొంగ’ను ఎవరూ చేర్చరు. 1993 దీపావళికి తమిళంలో ‘తిరుడా తిరుడా’గా విడుదలై, ‘దొంగ దొంగ’ పేరుతో తెలుగులోకి వచ్చిన సినిమా అది. దానికి ముందు 1992లో ‘రోజా’, తర్వాత 1995లో ‘బొంబాయి’. దేశమంతా మాట్లాడుకున్న ఆ రెండు సినిమాల నడుమ ఇది నలిగిపోయింది. ‘రోజా’ తీసినాయన ఇట్లాంటి బొమ్మ తీసినాడేమి అని జనం నిరాశపడ్డారు. ఆ నిరాశలో అన్యాయమేమీ లేదు. కథ నిలబడలేదు, సినిమా ఆశించినంత ఆడలేదు.

అయినా సినిమా పని ఎట్లా చేస్తారో తెలుసుకోవాలని ఎవరైనా అడిగితే మణిరత్నం సినిమాల్లో నేను మొదట చూడమని చెప్పేది ‘దొంగ దొంగ’నే. ‘నాయకుడు’ చూస్తూ కూర్చుంటే వేలు నాయకర్ ఏమవుతాడోనన్న దిగులులో కెమెరా ఎక్కడుందో, పాటకు ఏ వాయిద్యం వాడారో గుర్తు రాదు. బలమైన కథ పనివాళ్లను తన వెనక దాచేస్తుంది. ‘దొంగ దొంగ’లో ఆ తెర పలుచన. ఎవరు ఏ పని చేశారో, ఎంత శ్రద్ధగా చేశారో విడివిడిగా కనబడుతుంది, వినబడుతుంది.

ముందు కథ అల్లిక చూద్దాం. ఇందులో రాంగోపాల్ వర్మ చేయి ఉంది. ఆ ఏడాదే వర్మ తీసిన ‘గాయం’ రచనలో మణిరత్నం పాలు పంచుకుంటే, ఈ సినిమా కథలో వర్మ పాలు పంచుకున్నాడు. రిజర్వు బ్యాంకు వారి వెయ్యి కోట్ల రూపాయల కొత్త నోట్లు రైల్లో పోతుంటే దోపిడీ జరుగుతుంది. ఆ సొమ్ము ఒక పెద్ద కంటెయినర్‌లో ఉంది. దాన్ని తెరవడానికి ఒక కార్డు కావాలి. కార్డు చంద్రలేఖ అనే నాట్యగత్తె చేతిలో పడుతుంది. ఎక్కడో విదేశంలో కూర్చుని అంతా నడిపించే విక్రమ్‌కు సొమ్మూ కావాలి, కార్డూ కావాలి. సీబీఐ అధికారి లక్ష్మీనారాయణకు ఆ రెండింటితో పాటు దొంగలు కూడా కావాలి. వీళ్ల మధ్యలోకి ఇద్దరు చిల్లర దొంగలు, బతుకు మీద విసిగిపోయిన పల్లెపిల్ల రాసాత్తి అనుకోకుండా వచ్చి చిక్కుకుంటారు.

ఇందులో ఉపాయమంతా పంపకంలో ఉంది. సొమ్ము ఒకరి దగ్గర, తాళం ఒకరి దగ్గర, వివరం ఒకరి దగ్గర, అవసరం మరొకరి దగ్గర. ఏ ఒక్కరి చేతిలోనూ అన్నీ లేవు కాబట్టి ఎవరూ ఒక చోట నిలవలేరు. ప్రతి మనిషీ ఇంకో మనిషిని వెతుక్కుంటూ పరుగెత్తాల్సిందే. వెంటాడే కథలో పరుగు ఆగకుండా ఉండాలంటే పరుగుకు కారణం ప్రతి పది నిమిషాలకూ కొత్తగా పుట్టాలి. ఇక్కడ ఆ పని సొంతంగా జరిగిపోయేట్టు ముందే అమర్చిపెట్టారు. కాగితం మీద ఇది చాలా గట్టి నిర్మాణం.

ఆ పరుగును తెర మీద నిలబెట్టింది ఎడిటర్ సురేశ్ అర్స్. ఫిల్మును చేత్తో కోసి అతికించే రోజులవి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24. అంటే నిమిషానికి 90 అడుగులు, రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు. ఇది కోసి పెట్టిన లెక్క. తీసింది దానికి ఎన్నో రెట్లుంటుంది. అందులోంచి ఒక్కొక్క ముక్క ఏరి, ఎక్కడ మొదలు కావాలో ఎక్కడ తెగాలో ఒక ఫ్రేము అటూ ఇటూ కాకుండా నిర్ణయించాలి. తరిమే సన్నివేశంలో దిక్కు తప్పకూడదు. పారిపోయేవాడు తెర మీద ఎడమ నుంచి కుడికి పోతుంటే, తరిమేవాడూ ఎడమ నుంచి కుడికే పోవాలి. వాడు కుడి నుంచి ఎడమకు వచ్చాడంటే, ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకోబోతున్నారని చూసేవాళ్ల కన్ను అనుకుంటుంది. దిక్కు మార్చాల్సి వస్తే నడుమ ఒక ముక్క పడాలి. మనిషి కెమెరాకు ఎదురుగా వచ్చేదో, రోడ్డు మలుపు తిరిగేదో. అప్పుడు కన్ను కొత్త దిక్కుకు ఒప్పుకుంటుంది.

‘దొంగ దొంగ’లో పరుగెత్తేది ఒక జట్టు, తరిమేవి రెండు జట్లు. ఒక్కోసారి మూడూ ఒకే దారిలో ఉంటాయి. అయినా ఎవరు ముందు, ఎవరు వెనక, ఎంత దూరంలో ఉన్నారు అన్న అనుమానం మనకు రాదు. శబ్దం పూర్తిగా తీసేసి ఏదైనా ఒక తరిమే ఘట్టాన్ని చూడండి. మాట అర్థం కాకపోయినా కథ అర్థమవుతుంది. ఎడిటర్ పనికి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తెలియదు.

కెమెరా పి.సి. శ్రీరామ్‌ది. ‘నాయకుడు’, ‘గీతాంజలి’ ఆయన తీసినవే. చీకటిలోంచి వెలుగును పొదుపుగా వాడే మనిషిగా ఆయనకు పేరు. ఇక్కడ మాత్రం పని ఎక్కువగా ఆరుబయట, ఎండలో, కదిలే బండ్ల మీద. ఎండలో కెమెరా పట్టడం సులువనుకుంటారు. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్లు అట్లా అనుకోరు. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల కింద నీడ పడుతుంది, మొహం చదునుగా తెల్లబోతుంది, దుమ్మూ ఆకాశమూ ఒకే రంగైపోతాయి. అందుకే వెలుగు ఏటవాలుగా ఉన్న పొద్దును ఎంచుకుని, మనిషికి వెనక నుంచి వెలుగు పడేట్టు నిలబెడతారు. అప్పుడు జుట్టు అంచున, భుజం అంచున సన్నటి వెలుగు గీత పడి, మనిషి వెనకనున్న నేల నుంచి విడిపడతాడు. లేచిన దుమ్ము కూడా వెలుగు పట్టి మెరుస్తుంది. ఇంత వేగంగా కదిలే సినిమాలో కూడా ఆ ఓపిక సడలలేదన్నది గమనించాల్సిన విషయం. ముక్క తెర మీద ఉండేది రెండు సెకన్లే కదా అని ఎక్కడా సరిపెట్టుకోలేదు.

ఇప్పుడు సంగీతం దగ్గరకు వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

‘రోజా’ పాటలు 1992లో వచ్చినప్పుడు ఏ.ఆర్. రెహమాన్ కొత్తవాడు. మరుసటి ఏడాదే ‘జెంటిల్‌మేన్’, దాని వెనకే ఈ సినిమా. ఒకే సినిమాలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా నిలిచే రెండు పాటలు పెట్టాడు. మొదటిది అనుపమ గొంతులో వచ్చే చంద్రలేఖ పాట. కీబోర్డు నుంచి పుట్టిన నాదాలు, యంత్రంలో వేసిన దరువు, అడుగున కదిలే బేస్, పొరమీద పొరగా పేర్చి కట్టిన పాట. గొంతును కూడా ఒక వాయిద్యంలా ఆ పొరల మధ్యలో కూర్చోబెట్టాడు. ఏ పొర ఎప్పుడు లోపలికి వస్తుందో, ఎప్పుడు తప్పుకుంటుందో వింటూ పోతే, ప్రతి నాలుగు ఆవర్తాలకూ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. విన్నదే మళ్లీ విన్నట్టు ఉండదు.

రెండోది షాహుల్ హమీద్ పాడిన రాసాత్తి పాట. ఇందులో వాయిద్యం లేదు. తబలా లేదు, వేణువు లేదు, వయొలిన్ లేదు. ఉన్నవన్నీ మనుషుల గొంతులే. పాడే గొంతు ఒకటి ముందు నిలబడుతుంది. మిగిలిన గొంతులు వెనక చేరి శ్రుతి పట్టి నిలుపుతాయి, ఒక వాక్యం ముగిసి ఇంకొకటి మొదలయ్యే ఖాళీని నింపుతాయి, దరువు చేయాల్సిన పనిని కూడా అవే చేస్తాయి. మా పల్లెల్లో భజన బృందంలో ముందుపాటగాడు ఒక్కడే గొంతెత్తి పాడితే, వెనకవాళ్లు అందుకుని మోసుకుపోయినట్టే ఉంటుంది. అయితే భజనలో వెనకవాళ్లకు ఆసరాగా తాళాలుంటాయి, డోలక్ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

ఇట్లా కట్టడం ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. వాయిద్యాలున్నప్పుడు పాడేవాడు కాస్త జారినా హార్మోనియమో తంబురానో వినేవాణ్ని పట్టుకుని ఉంటుంది. గొంతులు మాత్రమే ఉన్నప్పుడు ఒక గొంతు వెంట్రుకవాసి తగ్గినా పక్క గొంతుతో రాపిడి పడి బయటపడిపోతుంది. వెనక గొంతులు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా ముందే రాసుకోవాలి. అందరూ ఒకేసారి ఊపిరి తీస్తే శ్రుతి తెగి గుంట పడుతుంది. అందుకని ఒకరు ఆపేలోగా ఇంకొకరు అందుకునేట్టు వంతులు వేస్తారు. వేదన పాట కాబట్టి గొంతులో జీర ఉండాలి, ఆ జీర శ్రుతిని చెడపకూడదు. షాహుల్ హమీద్ గొంతులో అది పల్లె గొంతులా సహజంగా ఉంది. ఆయన 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు. పాడిన కొద్ది పాటల్లో ఈ ఒక్కటి చాలు ఆయన్ను గుర్తుపెట్టుకోవడానికి.

ఈ రెండు పాటలూ కోడుమూరు లాంటి ఊళ్లలో ఎట్లా వినబడ్డాయన్నది ఇంకో సంగతి. ఆ రోజుల్లో సినిమా ప్రింటులో బొమ్మల వరుస పక్కనే సన్నటి శబ్దపు గీత ఉండేది. వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. ప్రొజెక్టరులో ఒక చిన్న దీపం వెలుగు సన్నటి సందులోంచి ఆ గీత మీద పడుతుంది. గీత వెడల్పు తగ్గుతూ పెరుగుతూ ఉంటే, అటువైపు దాటే వెలుగూ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆ వెలుగును ఫొటోసెల్ కరెంటుగా మారుస్తుంది, యాంప్లిఫయరు దాన్ని పెంచి తెర వెనక స్పీకరుకు పంపుతుంది. బొమ్మ తలుపు దగ్గర ఆగి ఆగి కదలాలి, శబ్దం మాత్రం ఆగకుండా ఒకే వేగంతో జరగాలి. అందుకని ఒక బొమ్మకు సంబంధించిన శబ్దాన్ని దానికి 20 ఫ్రేముల ముందు అచ్చువేస్తారు. రెంటి నడుమ ఫిల్మును వదులుగా వంపు తిప్పి పెడతారు. ఆగి కదిలే కుదుపును ఆ వంపు మింగేస్తుంది. ఇంత తెలివి ఒక చిన్న ఇనప పెట్టెలో ఇమిడి ఉందని ఆపరేటరు గదిలోకి తొంగిచూసిన పిల్లవాడెవడికీ మరుపు రాదు.

ఈ ఏర్పాటుకు ఒక హద్దుంది. మోనో శబ్దంలో, పాత స్పీకర్లలో, ఆరేడు వేల హెర్ట్జ్ దాటిన సన్నటి నాదాలు చాలావరకు అణగిపోతాయి. అడుగు నాదాలు పూర్తిగా రావు. పైగా మన దాకా వచ్చిన ప్రింటు అప్పటికే ఎన్నో ఊళ్లు తిరిగి, గీత మీద గీతలు పడి, చిటపటలాడుతుంటుంది. రెహమాన్ స్టూడియోలో అంత జాగ్రత్తగా పేర్చిన చంద్రలేఖ పాటలో పై పొరలు, కింది పొరలు ఆ దారిలోనే రాలిపోయాయి. ఆ పాట గొప్పతనం మాకు తెలిసింది క్యాసెట్లలో. రాసాత్తి పాట మాత్రం దాదాపు పూర్తిగా వచ్చి చేరింది. మనిషి గొంతుకు కావలసిన నాదం చాలావరకు ఆ ఇరుకు హద్దులోనే ఉంది. టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసినా అవతలి మనిషి గొంతు గుర్తుపడతాం కదా. మద్రాసు పెద్ద హాల్లో కూర్చున్నవాళ్లు విన్న పాటా, నేల టికెట్టు మీద కూర్చున్నవాళ్లు విన్న పాటా ఒకటే అయింది. రెహమాన్ ఆ లెక్క వేసి కట్టాడని నేననను. కానీ పదార్థాన్ని తగ్గించి కట్టిన పని ఎంత దూరమైనా చెడకుండా వస్తుందన్నది ఆ పాట నిరూపించింది.

తెలుగు పని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. ‘దొంగ దొంగ’ తెలుగు పాటలు రాజశ్రీవి. ‘రోజా’, ‘జెంటిల్‌మేన్’, ‘ప్రేమికుడు’ తెలుగు పాటలూ ఆయనవే. డబ్బింగ్ రాతను రెండో రకం పనిగా చూసే అలవాటు మనవాళ్లలో ఉంది. ఆ పని లోపల ఏముందో చూస్తే ఆ చూపు మారాలి.

మామూలు పాట రచయితకు బాణీ ఒక్కటే కట్టుబాటు. డబ్బింగ్ రచయితకు బాణీ కాక నోరు రెండో కట్టుబాటు. తెర మీద మొహం దగ్గరగా ఉన్నప్పుడు పెదవులు ఎక్కడ కలిశాయో అందరికీ కనబడుతుంది. ప, ఫ, బ, భ, మ. ఈ అక్షరాలు పెదవులు కలవనిదే పలకవు. తమిళ మాటలో పెదవులు కలిసిన చోట తెలుగులో వీటిలో ఒకటి పడాలి. కలవని చోట ఇవి పడకూడదు. నోరు బాగా తెరిచి సాగదీసిన చోట ‘ఆ’ కావాలి, గుండ్రంగా చుట్టిన చోట ‘ఊ’, ‘ఓ’ లాంటివి కావాలి. మిగిలిన హల్లుల విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. త, న, ల, ర నోటి లోపల జరిగే పని కాబట్టి బయటికి తేడా అంతగా కనబడదు.

పాటలో ఇంకో చిక్కుంది. తమిళ పాటలో పాదం చాలాసార్లు హల్లుతో ఆగుతుంది. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. పాడే మనిషి నోరు మూసేశాక తెలుగు అచ్చు ఇంకా సాగుతూ ఉంటే ఎక్కడిదీ గొంతు అనిపిస్తుంది. నేర్పుగల రచయిత అట్లాంటి చోట్ల సున్నాతో ముగిసే మాటలను దాచిపెట్టుకుంటాడు. ‘పోదాం’, ‘అందం’, ‘ప్రాణం’ లాంటివి. సున్నా దగ్గర పెదవులు కలుస్తాయి, నాదం ముక్కులోంచి సాగుతుంది, బాణీకి కూడా లోటుండదు. ఆపైన లఘువు చోట లఘువు, గురువు చోట గురువు పడాలి. నాట్యం చేసే మనిషి చేయి కంటివైపు చూపితే మాట పాదాల గురించి ఉండకూడదు. ఇన్నింటికి ఒదిగాక కూడా అది తెలుగు మాటలా వినబడాలి, పల్లెలో ఒక ఆడమనిషి బిందె మోసుకుంటూ పాడుకోగలగాలి. రాజశ్రీ పాటలను అట్లా పాడుకున్నారు. ఆయన 1994లో కన్నుమూశారు.

మరి ఇంతమంది ఇంత బాగా చేస్తే సినిమా ఎందుకు నిలవలేదు? నా జవాబు మా కర్నూలు నుంచే ఇస్తాను. పదేళ్ల తర్వాత, 2003 సంక్రాంతికి గుణశేఖర్ ‘ఒక్కడు’ వచ్చింది. అదీ వెంటాడే కథే. కబడ్డీ ఆడడానికి కర్నూలుకు వచ్చిన కుర్రాడు కొండారెడ్డి బురుజు దగ్గర ఓబుల్‌రెడ్డి చేతిలోంచి ఒక పిల్లను తప్పించి పారిపోతాడు. ఆ క్షణం నుంచి చివరిదాకా మనకు ఒకటే భయం, ఆ పిల్ల దొరికిపోతుందేమోనని. భయానికి ఒక మొహం ఉంది, ఒక ఊరుంది. మరుసటి ఏడాది అదే కథ తమిళంలో ధరణి దర్శకత్వంలో ‘గిల్లి’గా పోయి, కర్నూలు మదురైగా మారినా చెక్కుచెదరకుండా ఆడింది. ‘దొంగ దొంగ’లో పోగొట్టుకోవడానికి ఉన్నది రిజర్వు బ్యాంకు సొమ్ము. వెయ్యి కోట్లు పోతే ఎవరి ఇంట్లో పొయ్యి ఆరిపోతుందో సినిమా చెప్పదు. చిల్లర దొంగలకు ఆ సొమ్ము దొరికినా దొరకకున్నా మన గుండెకు ఏమీ కాదు. నిజంగా పోగొట్టుకునేది ఏదైనా ఉన్న మనిషి రాసాత్తి ఒక్కతే. ఇద్దరు స్నేహితులూ ఆ పిల్లనే ఇష్టపడతారు కూడా. కథ ఆమె చుట్టూ తిరగాల్సింది. ఆమెను వెంట తిప్పుకున్నారే గాని ఆమె కోసం తిరగలేదు. అందుకే, నా లెక్కలో, సినిమాలో మనసు కలుక్కుమనేది ఆమె పేరుతో వచ్చే పాట దగ్గరే.

లోపం అతుకుల్లో లేదు, ఎంచుకున్న ఇరుసులో ఉంది. ఇరుసు దర్శకుడి బాధ్యత, మణిరత్నం దాన్ని తప్పించుకోలేరు. అతుకులు వేసిన పనివాళ్లను మాత్రం ఆ లెక్కలో కలిపి తీసిపారేయకూడదు. 1993 సంవత్సరానికి ఇచ్చిన 41వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో నృత్య దర్శకత్వానికి సుందరం మాస్టారికి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు సేతుకు ఈ సినిమా ద్వారానే బహుమానాలు వచ్చాయి. జనం తీర్పు ఒకవైపున్నా పని తెలిసినవాళ్లు పనిని గుర్తించారు.

కర్నూలులోనో హైదరాబాదులోనో ఎడిటింగ్, సౌండు నేర్చుకుంటున్న పిల్లలకు నాదొక మనవి. ‘దొంగ దొంగ’ను కథ కోసం చూడకండి. ఒకసారి శబ్దం తీసేసి తరిమే ఘట్టాలు చూడండి. ఒకసారి కళ్లు మూసుకుని రాసాత్తి పాట వినండి, వెనక గొంతులు ఎక్కడ ఊపిరి తీస్తున్నాయో పట్టుకోండి. మూడోసారి తెలుగు పాట పెట్టుకుని పెదవులు మాత్రమే చూడండి. ఇక్కడ తరిమే ముక్కలను కోసి అతికించిన సురేశ్ అర్స్‌కు, మణిరత్నం తర్వాతి సినిమా ‘బొంబాయి’కి ఉత్తమ ఎడిటర్‌గా జాతీయ పురస్కారం వచ్చింది.